ఏది లేకపోతే బతకదు

పీహెచ్‌డీలో చేరిన మొదటి వారంలోనే మా మేడమ్ నా చేతిలో ఒక సీసా పెట్టి, "ముందు నెత్తురు తేవడం నేర్చుకో. మిగతా చదువు తర్వాత" అన్నారు.

సీసా అడుగున గాజుపూసలు ఉన్నాయి. గొర్రె నెత్తురు అందులోకి పట్టి పది నిమిషాలు ఆపకుండా గుండ్రంగా తిప్పితే, గడ్డకట్టే పీచంతా పూసలకు చుట్టుకుంటుంది. నెత్తురు పలుచగా మిగులుతుంది. దాన్ని గోరువెచ్చగా చల్లారిన అగర్‌లో, అంటే బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటిదాంట్లో, కలిపి ప్లేట్లలో పోస్తాం. మనుషులకు గడ్డలు లేపి చీము పట్టించే బాక్టీరియా ఆ ఎర్రటి ప్లేట్ల మీద ఒక్క రోజులో పెరుగుతుంది. పెద్ద నగరాల్లోని ల్యాబ్‌లు ఈ నెత్తురును కొని తెప్పించుకుంటాయి. మాది కరీంనగర్‌లో రెండు గదుల ల్యాబ్. మానేరు అవతల ఒక ఊళ్లో ముసలి కాపరి ఒకాయన మంద నుంచి మేమే తెచ్చుకునేవాళ్లం. నెత్తురు తీయడానికి అనుమతి కాగితం కూడా ఆ మంద పేరు మీదే ఉండేది.

నేను సిరిసిల్లలో పుట్టి పెరిగాను. బాపు మరమగ్గాలు నడుపుతాడు, అవ్వ బీడీలు చుడుతుంది. మగ్గాల చప్పుడుకు అలవాటు పడినదాన్ని గానీ గొర్రెను చేత్తో ముట్టినదాన్ని కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు పశువుల దవాఖాన కాంపౌండర్ సూది ఎక్కడ గుచ్చాలో చూపించాడు. నేను దగ్గరికి పోగానే గొర్రె గింజుకుంది. సీసాతో సహా పెంటలో కూలబడ్డాను.

కాపరి నవ్వలేదు. డెబ్బై దాటిన మనిషి. ఎడమ చెవి వినపడదు కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేవాడు.

"నువ్వు ముంగట నిలవడితె అది బెదురుతది బిడ్డా," అన్నాడు. "పక్కపొంటి రా. చెయ్యి మెడ కింద పెట్టు. జర సేపు గట్లనే ఉండు. దాని ఊపిరి నెమ్మదైనంక సూది తియ్యి."

ఆ 'జర సేపు' ఎంతసేపో తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆయన భార్యకు మేము రావడం మొదట్లో ఇష్టం లేదు. "జీవం నెత్తురు ఊకె తీస్తె పాపం గాదా?" అని ఒకరోజు నిలదీసింది. ఒక గొర్రె నుంచి నెలకు ఒక్కసారే, కొంచెమే తీస్తామని చెప్పాను.

"తీసి ఏం జేస్తరు?"

"మనుషులకు గడ్డలు లేపే పురుగు ఒకటుంది అమ్మమ్మా. కంటికి కనవడది. ఎనుకట గోలీ ఏస్తె చచ్చేది. ఇప్పుడు శాన గోలీలకు చస్తలేదు. కొత్త మందు కావాలె. ఏది లేకపోతె ఆ పురుగు బతకదో దొరికితె, దాన్ని ఆపే మందు చెయ్యొచ్చు."

"దొరికిందా?"

"ఇంకా దొరకలే."

ఆమె దారి వదిలి పక్కకు జరిగింది. "అయితె తీసుకపో," అంది.

నేను వెతుకుతున్నది నిజంగా అదే. ఆ బాక్టీరియాలో రెండున్నర వేలకు పైగా జన్యువులు ఉంటాయి. చాలావాటిని తీసేసినా అది ఎలాగో నెట్టుకొస్తుంది. కొన్ని వందల జన్యువులు మాత్రం అలా కాదు. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా దానికి బతుకు లేదు. అందుకే వాటిని అత్యవసర జన్యువులు అంటాం. పాత మందులకు లొంగని బాక్టీరియాను చంపాలంటే ఇలాంటి జన్యువు ఒకటి పట్టుకుని, అది చేసే పనిని ఆపే మందును వెతకాలి. మేడమ్ నాకు అప్పగించిన జన్యువు, బాక్టీరియా తన ఒంటి పొర కోసం కొవ్వు తయారు చేసుకునే పనిలో ఒక మెట్టు. మనుషుల్లో ఆ పని వేరే తీరుగా జరుగుతుంది. కాబట్టి అక్కడ దెబ్బ కొడితే బాక్టీరియా చస్తుంది, మనిషికి ఏమీ కాదు అన్నది మా ఆశ.

మొదటి ఏడాదంతా ఆ జన్యువును కత్తిరించి తీసేయడానికి ప్రయత్నించాను. ప్రతిసారీ ప్లేట్ ఖాళీగానే ఉండేది. ఒక్క చుక్క పెరిగేది కాదు. సంతోషంగా తీసుకెళ్లి మేడమ్‌కు చూపించాను.

మేడమ్‌ది ఆదిలాబాద్. మాట మెత్తగా ఉండేది గానీ ప్రశ్న మెత్తగా ఉండేది కాదు. "పెరగలేదంటే రెండు అర్థాలున్నయి," అన్నారు. "అది లేక బాక్టీరియా చచ్చింది. లేదా తీసుడు నీకు చాతకాలే. ఇందులో ఏది?"

ఆ తేడా తేల్చడానికి ఇంకో ఏడాది పట్టింది. ముందు ఆ జన్యువుకు ఇంకో నకలు బాక్టీరియాలో పెట్టాలి. ఆ నకలు మనం ఒక రసాయనం చుక్క వేస్తేనే పని చేయాలి. అప్పుడు అసలు జన్యువును తీసేయాలి. ఎన్నిసార్లు పాడైందో లెక్క పెట్టుకోలేదు. చివరికి ఒకరోజు రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టాను. చుక్క వేసిన ప్లేట్ నిండా బాక్టీరియా. వేయనిదాంట్లో ఏమీ లేదు. అంటే తీయడం నాకు చాతకాక కాదు, ఆ జన్యువు లేకే అది చస్తోంది.

ఆ సాయంత్రం మేడమ్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. "రాసుడు మొదలుపెట్టు," అన్నారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కొవ్వు తయారీని ఆపితే ఇలాంటి బాక్టీరియా నిజంగా చస్తుందా, లేక మనిషి నెత్తురులో ఉన్న కొవ్వును దొంగిలించి బతుకుతుందా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య అప్పటికే నడుస్తోంది. ఆ వ్యాసాలు నేనూ చదివాను. 'మనది వేరే మెట్టు' అని నోట్‌బుక్‌లో రాసుకుని ముందుకు పోయాను. నెత్తురు ప్లేట్లు మాకు ఫ్రీజర్‌లోని బాక్టీరియాను లేపడానికి, దాన్ని గుర్తుపట్టడానికి మాత్రమే. జన్యువు పరీక్షలన్నీ నెత్తురు కలపని సాదా ప్లేట్ల మీదే చేశాను. నెలనెలా నెత్తురు మోసుకొస్తూ కూడా, ఆ నెత్తురులో నా బాక్టీరియా చస్తుందో లేదో ఒక్కసారి చూడలేదు. తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది తీరిక లేకపోవడం కాదు, భయం.

ఆ ఎండాకాలం ల్యాబ్‌లో నెత్తురు అయిపోయింది. కాపరి మేత కోసం మందను తోలుకుని గోదావరి అవతల, లక్సెట్టిపేట దిక్కు పోయాడు. వానలు పడ్డాక వస్తాడు కదా, అప్పటిదాకా ఆగుదామని మేడమ్ అన్నారు. థీసిస్‌కు కావలసిన చివరి ఫోటోలు ఎర్ర ప్లేట్ల మీదే తీయాలి. నేను ఆగలేను. ఆయనకు ఫోన్ చేసి, ఐస్ డబ్బా పట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

మంద ఊరి బయట పత్తి తీసేసిన చేన్లలో ఉంది. భూమి పగుళ్లు బారింది. భార్యాభర్తలు ఇద్దరూ తుమ్మచెట్టు నీడలో ఒక గొర్రెను పడుకోబెట్టి దాని చెవుల్లోంచి నెత్తురు తాగే పిడుదులు ఏరుతున్నారు. ఏరినవాటిని రాయి మీద పెట్టి ఇంకో రాయితో నలుపుతున్నాడు ఆయన. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నీ పురుగు సంగతి ఏమాయె?" అని అడిగాడు.

"దొరికింది తాతా," అన్నాను. ఆయన కుడి చెవి వైపు జరిగాను. "అది బతకాల్నంటె కొవ్వు జేసుకోవాలె. ఆ కొవ్వు జేసుకునే కాడ బంద్ వెడితె చస్తది."

"చచ్చుడు నువ్వు సూసినవా?"

"మా ప్లేట్లల్ల సూసిన."

"ప్లేట్లల్ల దానికి తిననీకె ఏం వెడతరు?"

"ఉప్పు, ఇంత బలమైన రసం అసుంటిది."

"కొవ్వు వెడతరా?"

"పెట్టం."

ఆయన గొర్రె చెవి మడిచి నాకు చూపించాడు. లోపల పిడుదు ఒకటి చిక్కుడు గింజంత ఉబ్బి ఉంది. "ఈ గొర్రెను సూడు, ఎండకు ఎంత బక్కవడ్డదో. తిననీకె గడ్డి లేదు. దీన్ని సూడు, ఎట్ల బలిసిందో. గొర్రె పస్తున్నా పిడుదు పస్తుండదు బిడ్డా. అది వండుకుంటదా? వండింది తాగుతది."

అని, దాన్ని పీకి రాయి మీద పెట్టాడు. తర్వాత మాట మార్చాడు. చెరువు కింద మేపుదామంటే రైతులు ఒప్పుకోవడం లేదని, అడివి వైపు పోతే గార్డులు అడ్డం తిరుగుతున్నారని, వచ్చే ఏడు ఇంత దూరం రావడం తన వల్ల కాదని చెప్పుకొచ్చాడు. నాకు అవేవీ సరిగ్గా వినపడలేదు. ఆయన నాకేదో కొత్త సంగతి చెప్పలేదు. నేను చదివి పక్కన పెట్టినదాన్నే ఎండలో, ఒక గొర్రె చెవిలో చూపించాడు, అంతే.

ఎప్పటిలాగే పూసల సీసాలోకి నెత్తురు పట్టి తిప్పాను. తర్వాత సంచిలో వెతికి, పూసలు లేని గొట్టం ఒకటి తీసి అందులోకి కూడా కొంచెం పట్టాను. దాన్ని తిప్పలేదు.

"గిండ్ల పూసలు లేవేంది? గడ్డకడతది గదా," అంది ఆయన భార్య.

"గడ్డకట్టనీ అమ్మమ్మా. పైన తేలే నీళ్లు కావాలె."

నెత్తురు గడ్డకట్టాక పైన తేరే పసుపుపచ్చటి నీరు, సీరం. కొవ్వు ఉండేది అందులోనే. బస్సు రాయపట్నం వంతెన దాటి ధర్మపురి మీదుగా కరీంనగర్ చేరేదాకా ఆ డబ్బాను ఒళ్లోంచి దించలేదు. కానీ ల్యాబ్‌కు తెచ్చాక సీరాన్ని వేరే గొట్టంలోకి తీసి, దాన్ని ఫ్రీజర్‌లో వెనక వరుసలో పెట్టి పదకొండు రోజులు ముట్టలేదు. రోజూ తలుపు తీసేదాన్ని, ముందు వరుసలోది తీసుకుని మూసేదాన్ని. కంప్యూటర్‌లో థీసిస్ మొదటి మూడు అధ్యాయాలు తయారుగా ఉన్నాయి. నన్ను ఎవరూ అడగరు. మేడమ్ కూడా రాయమనే చెప్పారు.

పన్నెండో రోజు సోమవారం. ఈ జన్యువు కొత్త మందు కొట్టాల్సిన మంచి గురి అని థీసిస్‌లో రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ మాటను నమ్మి ఇంకెవరో ఇంకో ఐదేళ్లు పెడతారు కదా అనిపించింది. లేచి సీరం తీశాను.

సాదా అగర్‌లో సీరం కలిపి ప్లేట్లు పోశాను. రసాయనం చుక్క వేయకుండా నా బాక్టీరియాను పరిచాను. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజూ రాలేదు. ఊపిరి తీసుకున్నాను. మూడో రోజు పొద్దున ప్లేట్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే, సూదిమొన అంత చుక్కలు. అక్కడొకటి, ఇక్కడొకటి. సాయంత్రానికి ఎన్నో.

రసాయనం చుక్క లేకుండానే జన్యువు నకలు తనంతట తాను పని మొదలుపెట్టిందేమో అని చూశాను. మొదలుపెట్టలేదు. ఇక అనుమానం ఉండకూడదని, మొదటి ఏడాది చేయలేకపోయిన పనినే మళ్లీ చేశాను. ఈసారి సీరం ఉన్న ప్లేట్ మీద ఆ జన్యువును మొత్తానికే తీసేశాను. రెండు వారాలు పట్టింది. బాక్టీరియా నింపాదిగా పెరిగింది. సాదా ప్లేట్ మీద ఏది లేకపోతే బతకదో, సీరంలో దాంతో దానికి పనే లేదు.

మేడమ్ గదిలోకి వెళ్లి ప్లేట్ టేబుల్ మీద పెట్టాను. ఆమె మూత తీయకుండానే దాన్ని వెలుగుకు ఎత్తి చూశారు.

"గొర్రెది గదా," అన్నారు. "మనిషి నెత్తురు వేరే ఉండొచ్చు."

"చూద్దాం మేడమ్. నాదే ఇస్తా."

అనుమతి రావడానికి నెల పట్టింది. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ నా చేతికి రబ్బరు పట్టీ కట్టి నెత్తురు తీశాడు. నా సీరంతో ప్లేట్లు పోసి, నా చేతులతోనే బాక్టీరియాను పరిచాను. ఇందులో కూడా మూడో రోజే చుక్కలు వచ్చాయి. రెండేళ్లు కష్టపడి నేను దాని పొయ్యి ఆర్పాను. నా ఒళ్లే దానికి వండి పెడుతోంది.

ఈసారి మేడమ్ ఏమీ వాదించలేదు. "ఇది రాయాలె," అన్నారు. "పెరగనిది ఎంత జాగ్రత్తగా రాసినవో, పెరిగింది గూడ అంతే జాగ్రత్తగా."

"మరి గురి?"

"గురి ఇది కాదు. ఇంకోటి దేవులాడాలె. నీకు ఓపిక ఉందా, లేదా? లేకపోతే చెప్పు, ఉన్నదాంతోనే థీసిస్ ఇచ్చేద్దాం. తప్పు లేదు."

ఆదివారం దాకా ఆలోచించుకుని చెప్తానన్నాను. సిరిసిల్ల వెళ్లాను. నాతోపాటు చేరినవాళ్లు ఇద్దరు అప్పటికే థీసిస్ ముగింపుకు వచ్చారు. అవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, "ఇంకెన్నేండ్లే?" అని మాత్రం అంది. బాపు మగ్గాల షెడ్డు నుంచి అప్పుడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమైంది? మొగం గట్లున్నది."

"రెండేండ్లు చేసింది తప్పని తేలింది బాపూ."

"నువ్వు చేసుడు తప్పా? నువ్వు అనుకున్నది తప్పా?"

"చేసుడు మంచిగనే చేసిన. అనుకున్నదే తప్పు."

"అయితె ఫికర్ ఏంది? చేసుడు వచ్చు గదా," అన్నాడు. అవ్వ వైపు తిరిగి అన్నం పెట్టమన్నాడు.

సోమవారం పొద్దున మేడమ్ రాకముందే నేను ల్యాబ్‌లో ఉన్నాను. అత్యవసర జన్యువుల జాబితా ప్రింట్ తీసి, రూలర్, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మనిషి ఒంట్లో దొరికే వస్తువును తయారు చేసే ప్రతి జన్యువునూ కొట్టేశాను. కొవ్వు, విటమిన్లు, ఇంకా అలాంటివి. మిగిలినవాటిలో, బాక్టీరియా తనకు తానే చేసుకోక తప్పని పనులు ఉన్నాయి. రెండుగా చీలడం, గోడ కట్టుకోవడం, లోపలి సరుకును సరైన చోటికి చేర్చడం. అవి బయట ఎక్కడా దొరకవు, దొంగిలించడానికీ కుదరదు. వాటిలో పద్నాలుగింటిని ఎంచుకున్నాను. మేడమ్ వచ్చి నా భుజం మీదుగా చూశారు.

"ఈసారి ముందు సీరంల," అన్నాను. "సాదా ప్లేట్ తర్వాత."

"అట్లనే చెయ్," అన్నారు.

ఇంకో ఏడాదిన్నర అదే పని. ముందు సీరంలో జన్యువును ఆపి చూడటం, మూడు రోజులు కాదు, వారం రోజులు చూడటం. వారం గడవకుండా ఒక్క ప్లేట్‌ను కూడా పారేయనివ్వలేదు. జూనియర్లు నా ప్లేట్ల మీద 'ముట్టకండి' అన్న చీటీలు చూసి నవ్వుకునేవాళ్లు. ఐదు జన్యువులు త్వరగానే పోయాయి. బాక్టీరియా ఏదో ఒక దారి చూసుకుని పెరిగింది. కొన్ని ఎటూ తేలలేదు. నాలుగు నిలిచాయి. వాటిలో ఒకటి బాక్టీరియా రెండుగా చీలేటప్పుడు మధ్యలో గోడ కట్టడానికి కావలసింది. అది లేకపోతే బాక్టీరియా చీలలేక ఉబ్బిపోతుంది. మైక్రోస్కోప్‌లో మొదటిసారి చూసినప్పుడు నానబెట్టిన శనగల్లా కనిపించాయి. గొర్రె సీరంలో, నా సీరంలో, ఆ తర్వాత మేడమ్ సీరంలో కూడా అవి అలా ఉబ్బి పగిలిపోయాయి. వారం చూశాను, పది రోజులు చూశాను. ఏమీ పెరగలేదు.

థీసిస్ పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన నా పుస్తకం తిరగేస్తూ, "సగం పుస్తకం పనికిరాని జన్యువు గురించే రాశారు. తీసేస్తే పుస్తకం చక్కగా ఉండేది కదా?" అని అడిగారు.

"అది ఎందుకు పనికిరాదో తెలియకుండా రెండోదాన్ని నమ్మలేం సార్," అన్నాను. "ఆ దారిలో మళ్లీ ఎవరూ పోవద్దనే రాశాను."

ఆయన ఇంకో పేజీ తిప్పారు. తర్వాతి ప్రశ్న అడిగారు. మేడమ్ వెనక వరుసలో కూర్చుని కిటికీ వైపు చూస్తున్నారు.

దాని తర్వాత నాకు అదే ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టులో పని దొరికింది. జన్యువు దొరికితే మందు దొరికినట్టు కాదని అప్పుడే బాగా తెలిసింది. ఆ జన్యువు చేసే ప్రోటీన్‌కు అతుక్కుని దాని పని ఆపే రసాయనం కావాలి. అది బాక్టీరియా లోపలికి పోవాలి. పోయినదాన్ని అది బయటికి నెట్టేయకూడదు. మనిషి కణాలను ముట్టకూడదు. ఇప్పటిదాకా చూసినవాటిలో కొన్ని బాక్టీరియాను ఏమీ చేయలేదు. రెండు దాన్ని బాగానే చంపాయి గానీ, మనిషి కణాలనూ చంపాయి. పోయిన నెలలో ఒకటి ఆశ పెట్టింది. సాదా ప్లేట్ మీద చక్కగా పనిచేసింది. సీరంలో వేస్తే దాని బలమంతా పోయింది. దాన్ని కొట్టేసి, ఎందుకు కొట్టేశానో పక్కన రాశాను.

వచ్చే వారం ఇంకో పెట్టె రసాయనాలు వస్తున్నాయి. వాటికి కావలసిన ప్లేట్లు ఈ రోజు మధ్యాహ్నం పోసి పెట్టాను. అన్నీ సీరం కలిపినవే.